మూడేళ్ల సాధన, నిలబడని గాంధారం: ఒక వయొలిన్ విద్యార్థి కేస్ స్టడీ

పదమూడేళ్ల కుర్రాడు. వయొలిన్ మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. రోజుకి రెండు గంటలకు తగ్గకుండా సాధన చేస్తాడు, ఆ లెక్కంతా ఒక నోటుబుక్కులో ఉంది. అయినా మాయామాళవగౌళ రాగంలో గాంధారం, అంటే సరిగమల్లోని గ, నిలబడదు. అతనికంటే ఏడాదిన్నర వెనక చేరిన అమ్మాయి వర్ణం లాంటి పెద్ద పాఠంలోకి వెళ్లిపోయింది, ఇతను ఇంకా ప్రాథమిక పాఠాలైన అలంకారాల దగ్గరే ఉన్నాడు. ఒకరోజు క్లాసు అయ్యాక తండ్రి గుమ్మం దగ్గర ఆగి అడిగారు: "మాస్టారూ, ఉన్నమాట చెప్పండి. వాడికి ఆ జ్ఞానం లేదంటే మాన్పించేస్తాం. వాడి టైమూ మీ టైమూ ఎందుకు వృథా?"

ఆరోజు నీళ్లు నమిలాను. తర్వాత పది నెలల్లో ఏం చేశానో, అందులో ఏది బెడిసికొట్టిందో తోటి టీచర్లకి పనికొస్తుందని రాస్తున్నాను. కుర్రాణ్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. తల్లిదండ్రులు చదివి సరేనన్నారు.

నేపథ్యం

చేరినప్పుడు పదేళ్లు. ఇంట్లో సంగీతం నేర్చినవాళ్లు ఎవరూ లేరు. కుర్రాడు నెమ్మది, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, ఎదురు ప్రశ్న వేయడు. ఈ చివరిది మంచి గుణం అనుకునేవాణ్ని.

మొదటి నెలలో నేనొక మాట అన్నాను. "చెవి కొంచెం మందం, కష్టపడితే వస్తుంది లెండి." తల్లితో అన్నాను. కుర్రాడు పక్కనే కూర్చుని వయొలిన్ పెట్టెకి జిప్పు వేస్తున్నాడు. ఇలాంటి మాటలు మేం టీచర్లం రోజుకి పది అంటాం. నేను మర్చిపోయాను, వాళ్లు మర్చిపోలేదు. తల్లి ఒక రూళ్ల నోటుబుక్కు తీసి తేదీ, మొదలుపెట్టిన సమయం, నిమిషాలు అని మూడు గళ్లు గీశారు. చెవి లేని లోటు గంటలతో పూడ్చాలన్నమాట. ఆవిడని తప్పు పట్టలేం, నేనన్నదానికి అర్థం అదే మరి.

సమస్య ఏమిటి

వయొలిన్‌కి వీణలా మెట్లు ఉండవు. వేలు ఎక్కడ పడితే అక్కడే స్వరం. పైగా మనం పాఠాలు మొదలుపెట్టే మాయామాళవగౌళ, వేళ్లకి అంత సులువైన రాగం కాదు. షడ్జం (స) పక్కనే శుద్ధ రిషభం (రి), మధ్యమం (మ) పక్కనే అంతర గాంధారం (గ). రిషభానికీ గాంధారానికీ మధ్య మూడు అరస్వరాల దూరం (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక అరస్వరం). వేళ్లేమో సమానంగా పరుచుకోవాలని చూస్తాయి. దాంతో రిషభం పైకి జరుగుతుంది, గాంధారం కిందికి దిగుతుంది. నిండు సైజు వయొలిన్ మీద గాంధారం దగ్గర వేలు నాలుగు మిల్లీమీటర్లు తప్పితే దాదాపు పావు అరస్వరం పోయినట్టే. అది మామూలు శ్రోతకి కూడా తెలిసిపోతుంది.

ఈ తప్పు అందరూ చేస్తారు. ఆరు నెలలకో ఏడాదికో సర్దుకుంటుంది. ఇతనికి మూడేళ్లయినా సర్దుకోలేదు. తాళం మాత్రం గట్టిది. త్రిపుట తాళం అలంకారం రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) కూడా ఏడక్షరాలూ తూచినట్టు పడేవి. కమాను తిన్నగా వచ్చేది. అన్నీ ఉండి స్వరస్థానం ఒక్కటే లేకపోవడం నన్ను అప్పుడే ఆలోచనలో పడేయాల్సింది. పడేయలేదు, ఎందుకంటే "చెవి మందం" అన్న జవాబు నా దగ్గర ముందే ఉంది.

మొదట చేసినవి, ఫలించనివి

మొదటి ప్రయత్నం, గంటలు పెంచడం. సెలవుల్లో ఆరు వారాలపాటు రోజుకి మూడు గంటలు చేయించాను. శ్రమకి లొంగనిదేముంది, ఇంకొంచెం పోస్తే పొంగుతుందనుకున్నాను. ఆరు వారాల తర్వాత కమాను ఇంకా సాఫీగా నడిచింది, వేళ్ల వేగం పెరిగింది, గాంధారం మాత్రం కిందనే స్థిరపడిపోయింది. అంతకుముందు ఒకసారి అటూ ఒకసారి ఇటూ పడేది, ఇప్పుడు ప్రతిసారీ ఒకే చోట తప్పుతోంది. వేలికి తప్పో ఒప్పో తెలియదు, వెళ్లిన దారి మాత్రం గుర్తుంటుంది. ఆ దారిలో నేనతన్ని కొన్ని వేలసార్లు నడిపించాను.

రెండో ప్రయత్నం, ఫింగర్‌బోర్డ్ మీద సన్నటి స్టిక్కర్లు, ఎదురుగా ఫోన్లో ట్యూనర్ యాప్. చెవి పని చేయనప్పుడు కంటితోనైనా చేయిద్దాం అనుకున్నాను. రెండు వారాల్లో గాంధారం నిలబడింది! తండ్రికి ఫోన్ చేసి మరీ చెప్పాను. మూడో వారం స్టిక్కర్లు పీకేశాను. మర్నాటికి గాంధారం పాత చోటికి వచ్చేసింది. పైగా మెడ వంచి ఫింగర్‌బోర్డ్ వైపు చూసే అలవాటు కొత్తగా అంటుకుంది. ఆ రెండు వారాలూ అతను వయొలిన్ వాయించలేదు, గీత మీద వేలు పెట్టే ఆట ఆడాడు. ముల్లు ఆకుపచ్చలోకి వచ్చిందా లేదా అని కన్ను చూస్తుంటే చెవికి పనేముంటుంది? స్టిక్కర్లు అసలే వద్దని నేననను, మొదటి రెండు మూడు నెలలు వేలికి చోటు చూపించడానికి పనికొస్తాయి. మూడేళ్ల తప్పుకి అవి మందు కావు.

గుమ్మం దగ్గర ఆ ప్రశ్న ఎదురైంది ఆ వారంలోనే.

మాన్పించాలా వద్దా

తండ్రిగారు లెక్కల మనిషి. పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా దిట్ట అవుతారన్న సిద్ధాంతం ఎక్కడో చదివారు. "రోజుకి రెండు గంటలంటే మొత్తం పదమూడున్నర ఏళ్లు పైనే పడుతుందండీ" అన్నారు, నవ్వకుండా. దాని వెనక ఉన్నది 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద ప్రచురించిన అధ్యయనం. పదివేలు అన్నది అక్కడ అందరికంటే బాగా వాయించే గుంపు ఇరవై ఏళ్ల వయసుకి చేరిన సగటు మాత్రమే. అన్ని గంటలు కూర్చుంటే ఎవరైనా అంతవాళ్లవుతారని అందులో లేదు. పైగా వాళ్లు లెక్కపెట్టింది ఊరికే వాయించిన గంటల్ని కాదు, ఫలానా లోపం సరిదిద్దుకోవాలని ఒంటరిగా కూర్చున్న గంటల్ని. 2014లో మెక్‌నమారా బృందం చాలా అధ్యయనాల్ని కలిపి చూస్తే, సంగీతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో అలాంటి సాధనకి దక్కింది సుమారు 21 శాతం. తక్కినదంతా పుట్టుక అని కాదు. మొదలుపెట్టిన వయసు, గురువు, ఇల్లు, కొలతలో పొరపాట్లు, అన్నీ అందులోనే ఉన్నాయి.

తండ్రి ఇంకో బాణం వేశారు. "అంత గొప్ప వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారికి గంటలు లెక్కపెట్టి ఎవరు నేర్పారండీ?" వాళ్లన్నయ్య నేర్పారు అన్నాను. ఆ క్షణానికి గెలిచాను గానీ అది వాదనలో గెలుపే. అన్నలు తమ్ముళ్లకి నేర్పిన ఇళ్లు చాలానే ఉంటాయి, ద్వారం వారు ఒక్కరే. తేడా లేదని పిల్లల తల్లిదండ్రులతో అబద్ధం ఆడకూడదు.

నన్ను నిజంగా కుదిపింది వేరే అధ్యయనం. 2014లోనే మోసింగ్ బృందం స్వీడన్‌లో పదివేలకు పైగా కవలల్ని పరిశీలించింది. ఒకే రూపు కవలల్లో ఒకరు ఎక్కువ సాధన చేసినా, స్వరాల తేడా, లయ తేడా విని గుర్తుపట్టే శక్తి రెండోవారికంటే ఎక్కువగా ఏమీ లేదు. అంటే వినే శక్తి సాధనతో పెరగకపోవచ్చు. అదే నిజమైతే, ఈ కుర్రాడికి అది లేకపోతే, నేను మూడేళ్లుగా ఎండిన బావిలో చేద వేస్తున్నట్టే. మాన్పించడమే న్యాయం.

అప్పుడు తట్టింది. "లేకపోతే" అంటున్నాను గానీ, లేదని నేనెప్పుడైనా చూశానా? వాయించడం చూశాను, వినడం ఎప్పుడూ పరీక్షించలేదు. తండ్రికి నెల గడువు అడిగాను.

పరీక్ష

ఒక శనివారం క్లాసు మొత్తం దీనికే పెట్టాను. అతని వయొలిన్ పెట్టెలోంచి తీయనివ్వలేదు.

ముందు నేను "సరిగమ" అని పదిసార్లు వాయించాను. అందులో ఐదుసార్లు గాంధారాన్ని కావాలని దించాను, సరిగ్గా అతను దించే అంతే. తప్పనిపిస్తే చెయ్యెత్తమన్నాను. నాలుగు పట్టుకున్నాడు, ఒప్పుగా ఉన్నవాటికి ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. నాకు నోట మాట రాలేదు. పుట్టుకతోనే స్వరభేదం తెలియనివాళ్లు ఉంటారు, 2017 నాటి ఒక పెద్ద అధ్యయనం ప్రకారం నూటికి ఒకటిన్నర మంది. ఇతను వాళ్లలో ఒకడు కాదని అప్పటికప్పుడే తేలిపోయింది.

తర్వాత పాడమన్నాను. గొంతు మారే వయసు, సిగ్గు. కింద స్థాయిలో నోరు మూసుకుని కూనిరాగంలా తీశాడు. గాంధారం ఉండాల్సిన చోటే ఉంది.

చివరికి వయొలిన్ చేతికిచ్చి, అదే నాలుగు స్వరాలు వాయించి గాంధారం ఎలా ఉందో వెంటనే చెప్పమన్నాను. పదిలో ఎనిమిదిసార్లు "బానే ఉంది మాస్టారూ" అన్నాడు. నేను ఫోన్లో రికార్డు చేశాను. బాగున్నవి రెండే. కానీ అదే రికార్డింగ్ పది నిమిషాలాగి వినిపిస్తే మొహం చిట్లించి, దాదాపు అన్ని తప్పులూ తనే చెప్పాడు. మూడేళ్లలో అతను తన వయొలిన్‌ని బయటినుంచి విన్నది అదే మొదటిసారి.

చెవికి లోటు లేదు. వాయిస్తున్నంతసేపూ చెవి పనిలో ఉండటం లేదు, అంతే. కమాను తిన్నగా, తాళం సరిగా, భుజం వదులుగా, ఇలా నేను చెప్పినవన్నీ ఒక్కటి కూడా వదలకుండా చేస్తున్నాడు. వినమని నేనెప్పుడూ విడిగా చెప్పలేదు. వినడమేమైనా చెప్పాల్సిన విషయమా అనుకున్నాను. వెనక చేరిన అమ్మాయికి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె వేలు పెట్టకముందే స్వరాన్ని మనసులో వింటుంది, ఎవరూ నేర్పకుండానే. ప్రతిభ అంటాం చూశారా, ఈ ఇద్దరి విషయంలో ఆ మాట కింద నాకు కనబడిన వస్తువు ఇదొక్కటే.

ఇంకో సంగతి కూడా ఆరోజే బయటపడింది. ఇంట్లో యాప్‌లో శ్రుతి (వెనక మోగే ఆధార స్వరం) ఎంత గట్టిగా పెడతావురా అని అడిగితే, చాలా తక్కువ అన్నాడు. పక్క గదిలో అక్క చదువుకుంటుందట. వయొలిన్ చెవి పక్కనే మోగుతుంటే ఆ కాస్త శ్రుతి ఎక్కడ వినబడుతుంది?

పనికొచ్చింది

మొదట కాగితం ముక్క. గోరంత కాగితాన్ని మధ్యకి మడిచి, మధ్య షడ్జం తీగ మీద జీనులా కూర్చోబెట్టాను. పక్కనున్న మంద్ర పంచమం (కింది స్థాయి ప) తీగ మీద మూడో వేలితో షడ్జం పలికించమన్నాను. స్వరం సరిగ్గా కుదిరితే ఎవరూ ముట్టకుండానే రెండో తీగ కంపిస్తుంది, కాగితం వణుకుతుంది, ఒక్కోసారి ఎగిరి కిందపడుతుంది. వెంట్రుకవాసి తప్పినా కదలదు. పావుగంట అదే ఆట. ఇది కూడా కంటి పనే కదా, స్టిక్కర్‌కీ దీనికీ తేడా ఏమిటని నన్ను నేను అడుక్కున్నాను. స్టిక్కర్ వేలికి చోటు చెబుతుంది. కాగితం, ధ్వని కుదిరాకే కదులుతుంది. వారం తర్వాత కాగితం తీసేసి, కళ్లు మూసుకుని, "ఇప్పుడుంటే వణికేదా?" అని అడిగాను. ఆ ప్రశ్నకి జవాబు చెవి ఒక్కటే చెప్పగలదు. వయొలిన్ ఒళ్లంతా మోగినప్పుడు వచ్చే నిండుదనం అతనికి తెలిసిపోయింది. "ఎవరో లైటేసినట్టు ఉంటుంది" అన్నాడు.

గాంధారానికి అలా బదులు పలికే ఖాళీ తీగ లేదు. అందుకని శ్రుతి యాప్ కట్టేసి నిజం తంబూరా తీశాను. బాగా శ్రుతి చేసిన తంబూరాలో మంద్ర షడ్జం తీగ మోగాక, లోపలినుంచి ఎవరూ మీటని గాంధారం ఒకటి తేలుతుంది. దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. దీపం కొడిగట్టేటప్పటి వెలుగులా సన్నగా ఉంటుంది. రెండు క్లాసులు వినబడలేదు. మూడో క్లాసులో చెవి తంబూరా బుర్రకి దాదాపు ఆనించి కూర్చున్నవాడు ఉలిక్కిపడి లేచాడు. "మాస్టారూ, ఇందులో గా ఉంది!"

ఆ తర్వాత నియమం ఒక్కటే పెట్టాను. గాంధారం మీదికి వేలు వెళ్లేముందు ఆగాలి, గొంతులో అనుకోవాలి, అప్పుడు పెట్టాలి. తప్పయితే వేలు జరిపి సరిచేయకూడదు, తీసేసి మళ్లీ అనుకుని పెట్టాలి. జరిపితే చెవి తర్వాత వస్తుంది, నాకు ముందు రావాలి. దీనివల్ల ఒక సరళీ స్వరం (తొట్టతొలి పాఠం) వరస పూర్తవడానికి ఐదారు నిమిషాలు పట్టేది. తాళం పూర్తిగా వదిలేయమన్నాను. అతనికి వచ్చిన ఒక్కగానొక్క విద్యని పక్కన పెట్టమనడం కాస్త క్రూరమే. కానీ చేతులో ఉన్న పనులు తగ్గితే తప్ప చెవికి చోటు దొరకదు.

నోటుబుక్కులో నిమిషాల గడి కొట్టేయించాను. ఆ చోట "ఏం విన్నావు" అని రాయించాను. మొదటి వారం అన్ని రోజులూ "బాగుంది" అనే ఉంది. మూడో వారంలో ఒక ఎంట్రీ: "మ నుంచి దిగేటప్పుడు గా సరిగ్గా వస్తోంది, ఎక్కేటప్పుడు రావట్లేదు." నేనే గమనించని విషయం అది. మధ్యమం నుంచి దిగేటప్పుడు మూడో వేలు ఆనవాలుగా ఉంటుంది, రిషభం నుంచి ఎక్కేటప్పుడు గుడ్డిగా చాచాలి. దాంతో నెల రోజులు అవరోహణతోనే పాఠం మొదలుపెట్టాను.

సాధన వరసా మార్చాను. ఇంతకుముందు మొదటి సరళీ స్వరం నుంచి మొదలుపెట్టి, ఒక్కోటి ఇరవైసార్లు వాయిస్తూ పోయేవాడు. కష్టమైన దగ్గరికి వచ్చేసరికి అలిసిపోయేవాడు. ఇప్పుడు చీటీలు తీసి, వచ్చినది రెండుసార్లు వాయించి ఇంకో చీటీ. ఇలా కలగలిపి చేస్తే ఆ పూటకి వాయింపు అధ్వానంగా కనిపిస్తుంది, నాలుగు రోజుల తర్వాత నిలిచేది మాత్రం ఇదే. చేతి కదలికల మీద షే, మోర్గాన్ 1979లో చేసిన ప్రయోగంలో ఇదే తేలింది. తల్లికి ఇది ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు, రెండో వారం ఫోన్ వచ్చింది: "ఇదివరకటికంటే తప్పులు ఎక్కువయ్యాయండీ, పైగా యాభై నిమిషాలకే లేచిపోతున్నాడు." యాభై నిమిషాలకి లేవమన్నది నేనే. నిజంగా వింటూ వాయిస్తే ఆ వయసులో అంతకుమించి సాగదు.

మధ్యలో నేను చేసిన పొరపాటు

పరీక్షలో రికార్డింగ్ అంత బాగా పనిచేసేసరికి అత్యాశకి పోయాను. రోజూ ఇరవై నిమిషాలు రికార్డు చేసుకుని మొత్తం వినమన్నాను. నాలుగో రోజునుంచి నోటుబుక్కు ఖాళీ. క్లాసుకి కూడా రాలేదు. అడిగితే ఏడుపు గొంతుతో, "మూడేళ్లూ ఇలాగే వాయించానా?" అన్నాడు. చెవి తెరుచుకున్నాక తన వాయిద్యం తనకే భరించలేకుండా పోయింది. చేయి ఇంకా అక్కడికి రాలేదు, ఆ ఎడం చాలామందిని మాన్పించేస్తుంది.

రికార్డింగ్ వారానికి ఒకసారికి, రెండు వరసలకి తగ్గించాను. విన్నాక బాగున్న చోటు ముందు చెప్పాలి, తర్వాత ఒకే ఒక్క తప్పు. మొదటి నెలలో అతని చెవి గురించి నేనన్న మాట తప్పని కూడా ఆరోజే చెప్పాను, తల్లి ఎదురుగానే. కుర్రాడు పెద్దగా స్పందించలేదు. తల్లి మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు

పది నెలలయ్యాక అలంకారాలు దాటాడు, గీతాలు నడిచాయి, మొన్న ఆది తాళ వర్ణం మొదలుపెట్టాం. మాయామాళవగౌళ గాంధారం మొదటి కాలంలో నిలబడుతోంది. రెండో కాలంలో పదికి మూడుసార్లు ఇంకా దిగుతుంది, దిగిందని తనకే తెలుస్తుంది, వాయిస్తూనే మొహం చిట్లిస్తాడు.

ఆ అమ్మాయి కృతుల్లోకి వెళ్లిపోయింది. ఇద్దరి మధ్యా దూరం తగ్గలేదు, నిజానికి కొంచెం పెరిగింది. ఆమెకి ఒక్క క్లాసులో వచ్చేది ఇతనికి మూడు వారాలు. ఈ సంగతి తండ్రికి దాచకుండా చెప్పాను. "అయితే జ్ఞానం లేదంటారా?" అని మళ్లీ అడిగారు. వేగం వేరు, దారి మూసుకుపోవడం వేరు, వేగం సంగతి నేను మార్చలేను అన్నాను. ఆయనకి పూర్తిగా నచ్చినట్టు లేదు. మాన్పించలేదు మరి.

ఇప్పుడు నన్ను తొలుస్తున్నది గమకం. ఆగి, అనుకుని, పెట్టడం అన్న నియమంతో స్వరాలు విడివిడిగా నిలబడ్డాయి, కానీ వర్ణంలో స్వరం ఒకచోట నిలబడదు, జారుతుంది, ఊగుతుంది. అతని వేళ్లు ఇంకా ఆగి ఆగి పడుతున్నాయి. ఆ నియమం ఎప్పుడు తీసేయాలో తేల్చుకోలేకపోతున్నాను. తొందరపడితే పాత గాంధారం వస్తుందేమోనని భయం, ఆలస్యం చేస్తే వర్ణం మొత్తం మెట్లెక్కినట్టు ఉంటుంది. పోయిన వారం నోటుబుక్కులో రాసుకున్నాడు: "మాస్టారు వాయిస్తే గా ఊగుతోంది. నాది నిలబడి ఉంది. ఏది కరెక్టు, అడగాలి."